ముద్దేనహళ్ళి నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ దాకా

బెంగళూరులో యశవంతపురం దగ్గరున్న భారత విజ్ఞాన సంస్థను పాతవాళ్ళు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే అంటారు. ఆ ఆవరణలోని జె.ఎన్. టాటా ఆడిటోరియంలో శాస్త్ర సదస్సులు జరుగుతూనే ఉంటాయి. ఏటా ఒక రోజు ప్రయోగశాలలు తెరిచి బడిపిల్లలకూ చూపిస్తారు. మన బాగేపల్లి, చింతామణి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేటప్పుడు ముందుగా చెప్పవలసిన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యది. ఆనకట్టల ఇంజనీరుగా ఆయన అందరికీ తెలుసు. ఈ సంస్థతో ఆయనకున్న అనుబంధం తెలిసినవాళ్ళు తక్కువ.

ఆయన పుట్టింది మన చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో, తెలుగు కుటుంబంలో. ఇంటిపేరులోని మోక్షగుండం గిద్దలూరు దగ్గరి ఊరు. పూర్వీకులు అక్కడినుంచి వచ్చినవారు. చిన్న చదువు చిక్కబళ్ళాపురంలో సాగింది. తండ్రి శ్రీనివాసశాస్త్రి త్వరగానే పోయారు. బెంగళూరులో మేనమామ అండ దొరికింది. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో 1881లో బి.ఏ. పూర్తిచేసి, పుణె వెళ్ళి ఇంజనీరింగు చదివారు.

ఇంట్లో తెలుగు, బయట కన్నడం, పైన ఇంగ్లీషు అయితే పిల్లవాడు ఎటూ కాకుండా పోతాడేమోనని మన తల్లిదండ్రులు అడుగుతుంటారు. విశ్వేశ్వరయ్య ఉద్యోగం మరాఠీ, గుజరాతీ, సింధీ సీమలన్నీ తిరిగింది. ఖడక్‌వాస్లాలో నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకునే తలుపులు పెట్టారు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకు రక్షణ పథకం రాసిచ్చారు. 1912లో మైసూరు దివాను అయ్యాక నిర్బంధ ప్రాథమిక విద్య చట్టం వచ్చింది. 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు పుట్టడానికి తోడ్పడ్డవారూ ఈ తెలుగింటి మనిషే. మరుసటి ఏడు మైసూరు విశ్వవిద్యాలయం వచ్చింది. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వడం నచ్చక 1918లో పదవి వదిలారు. ఆ విషయంలో మేము ఆయనతో ఏకీభవించలేం. మన బడుల్లో కూర్చున్న పిల్లల్ని చూస్తే అసలే ఏకీభవించలేం.

ఇక సంస్థ సంగతి. జంషెడ్జీ టాటా 1904లోనే కన్నుమూశారు. మైసూరు సంస్థానం 371 ఎకరాల భూమి ఇచ్చింది. 1909లో సంస్థ ఏర్పడి, 1911లో విద్యార్థులు చేరారు. పరిశోధన పత్రాల దగ్గరే ఆగాలా, కార్ఖానా దాకా రావాలా అన్న వాదన అక్కడ చాలాకాలం నడిచింది. విశ్వేశ్వరయ్యది రెండో పక్షం. 1923లో లక్నోలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించింది శాస్త్రవేత్త కాదు, ఈ ఇంజనీరే. 1938లో, డెబ్బై అయిదు దాటిన వయసులో, సంస్థ పాలక సభకు అధ్యక్షులై తొమ్మిదేళ్ళు ఉన్నారు.

అది యుద్ధకాలం. 1940లో బెంగళూరులో విమానాల కర్మాగారం మొదలైంది. విమానం కట్టాలంటే చదువుకున్న ఇంజనీర్లు కావాలి, వాళ్ళను తయారుచేసే చోటు దేశంలో లేదు. 1942లో ఈ సంస్థలో విమాన ఇంజనీరింగు శాఖ తెరిచారు. తర్వాత లోహశాస్త్రం, విద్యుత్తు శాఖలు విస్తరించాయి. మోటారు కార్ల కర్మాగారం పెట్టాలని ఆయన అంతకుముందే ఎంతో తిరిగారు, సర్కారు కదల్లేదు. విమానాల విషయంలో యుద్ధం కదిలించింది.

1955లో భారతరత్న అందుకున్నారు. 1962లో, నూరేళ్ళు దాటాక కన్నుమూశారు. ముద్దేనహళ్ళిలో ఆయన సమాధి, పుట్టిన ఇల్లు, వస్తువుల ప్రదర్శనశాల ఉన్నాయి. బాగేపల్లి నుంచి బెంగళూరు వెళ్ళే బడి బస్సుకు చిక్కబళ్ళాపురం దారిలోనే తగులుతుంది. చింతామణి వాళ్ళు కాస్త చుట్టు తిరగాలి.