వస్తానియా నుంచి మన ఆరో తరగతి దాకా: మాడపాటి పంతులు గారు

మన బడి జీవితం తరతరానికీ ఎట్లా మారిందో రాయమని సంచిక బాధ్యులు అడిగారు. బెంచీలు, బోర్డులు, మధ్యాహ్న భోజనం, డిజిటల్ తరగతుల గురించి రాసేవాళ్లు ఇందులో చాలామందే ఉంటారు. నేను ఒక మనిషి జీవితం చెబుతాను. ఆయన మన బడిలో చదవలేదు, పాఠం చెప్పలేదు. అయినా మనం ఆరో తరగతి లెక్కలు తెలుగులో విన్నామంటే, దాని వెనక ఆయన, ఆయన తోటివాళ్లు పడిన శ్రమ ఉంది. పేరు మాడపాటి హనుమంతరావు. అందరికీ పంతులు గారు.

ముందు మా తాతల నాటి బడి సంగతి. నిజాం కాలంలో ప్రాథమిక బడి తహతానియా, మధ్య బడి వస్తానియా, హైస్కూలు ఫౌఖానియా. చిన్న తరగతుల్లో తెలుగు కొంత నడిచేది. వస్తానియాకు వచ్చేసరికి లెక్కలు, చరిత్ర, భూగోళం అన్నీ ఉర్దూలోకి మారేవి. ఇంట్లో తెలుగు తప్ప మరోటి వినని రైతు పిల్లవాడికి అక్కడే గోడ అడ్డం వచ్చేది. పాఠం అర్థం చేసుకోవడానికి ముందు ఆ పాఠం చెప్పే భాష నేర్చుకోవాలి. చాలామంది అక్కడితో బడి మానేసి నాగలి పట్టారు. ఆడపిల్లల సంగతి చెప్పనక్కరలేదు, వాళ్లు ఆ గోడ దాకా కూడా రాలేదు.

పంతులు గారు 1885లో నాటి కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎర్రుపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే మేనమామల దగ్గర సూర్యాపేటలో పెరిగారు. పై చదువుకు మన హనుమకొండకు వచ్చారు, ఆ తర్వాత అక్కడే విద్యాశాఖలో చిన్న ఉద్యోగం చేశారు. పరకాల నుంచి హనుమకొండ సుమారు 35 కిలోమీటర్లు. మనం డిగ్రీకి, సినిమాకు, పెళ్లి బట్టలకు పోయే ఊరే. 1904లో అక్కడ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన రోజుల్లో అదొక గ్రంథాలయం మాత్రమే కాదు, తెలుగు చదివే నలుగురు కలిసే చోటు. పంతులు గారికి ప్రజాపని అలవాటైంది ఆ వాతావరణంలోనే.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆయనను ఉర్దూకు వ్యతిరేకి అనుకుంటే పొరపాటు. ఉర్దూ, పారశీకాలు ఆయనకు బాగా వచ్చు. హైదరాబాదు వెళ్లాక ప్రభుత్వంలో అనువాదకుడిగా పనిచేశారు. ముషీరె దక్కన్ అనే ఉర్దూ పత్రికకు రాశారు. వకాలతు పరీక్ష ప్యాసై కోర్టులో వాదించారు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేశారు. ఆయన అడిగింది ఒక భాషను తీసెయ్యమని కాదు, పిల్లవాడికి తెలిసిన భాషలో పాఠం మొదలుపెట్టమని. ఈ తేడా నేటికీ చాలామందికి అర్థం కాదు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు పూనా నుంచి వచ్చిన మహర్షి కార్వే. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడినవాళ్లను సభ విన్నది. అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాజ్యంలో సగానికి దగ్గరగా జనం మాట్లాడే భాష అది! ఆ అవమానంతోనే వెంటనే కొందరు కలిసి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. పంతులు గారు అందులో ముఖ్యులు. అదే పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. 1935 సిరిసిల్ల సభకు ఆయనే అధ్యక్షుడు. వెట్టి చాకిరి రద్దు, ఊరూరా గ్రంథాలయం, మాతృభాషలో చదువు: ప్రతి సభలోనూ ఇవే తీర్మానాలు.

తీర్మానం చేయడం తేలిక, బడి నడపడం కష్టం. ఆ రోజుల్లో సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద సర్కారు అనుమతి కావాలి. ఖాన్గీ బడి, అంటే ప్రైవేటు బడి, పెట్టాలన్నా దర్ఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలి. అయినా 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల పాఠశాల తెరిచారు. నా లెక్కలో ఆయన జీవితంలో పెద్ద పని ఇదే. పిల్లలు పై తరగతులకు వచ్చేసరికి అసలు చిక్కు మొదలైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 నుంచే ఉర్దూ మాధ్యమంలో నడుస్తున్నది. తెలుగులో చదివిన పిల్లలకు దాని గుర్తింపు లేదు. గుర్తింపు లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే చదివిన చదువుకు కాగితం లేదు.

పంతులు గారు పూనా వైపు చూశారు. అక్కడ కార్వే 1916లో స్త్రీల కోసం ఒక విశ్వవిద్యాలయం పెట్టారు, మాతృభాషలోనే బోధన. తెలుగు మాటను నోరు మూయించిన సభలో అధ్యక్ష స్థానంలో ఉన్న ఆయన సంస్థే తెలుగు ఆడపిల్లలకు పరీక్ష రాసే దారి ఇచ్చింది. హైదరాబాదులో ఉన్న బడికి గుర్తింపు వందల మైళ్ల అవతలి నుంచి రావలసి వచ్చిందన్నమాట. మేం ఇంజనీర్లం ఎదురుగా బండ తగిలితే కాలువను పక్కకు తిప్పి మళ్లీ చేనుకు చేరుస్తాం. ఆయన చేసిందీ అదే, నీళ్లు మాత్రం ఆగలేదు.

దర్ఖాస్తులు, అనుమతులు, ఓపిక. ఈ పద్ధతి యువకులకు చప్పగా తోచింది. 1944 భువనగిరి సభ నాటికి మహాసభ రెండుగా చీలింది. ముందుకు దూకినవాళ్ల త్యాగం చిన్నది కాదు. 1947 సెప్టెంబరు 2న జెండా ఎత్తబోయి మన పరకాలలో కాల్పులకు బలైనవాళ్లను మరిచిన పరకాలవాడు ఉండడు, అమరధామం ముందు నుంచే కదా మన రాకపోకలు. కానీ ఆ పోరాటం గెలిచిన మర్నాడు తెలుగులో పాఠం చెప్పే బడి ఎట్లా ఉంటుందో చూపించడానికి ఒక నమూనా అప్పటికే నడుస్తూ ఉంది. ఇరవై ఏళ్లుగా.

పోలీసు చర్య తర్వాత వస్తానియా మాట పోయి మిడిల్ స్కూలు వచ్చింది, తెలుగు మాధ్యమం వచ్చింది. మా నాన్నల తరం ఆ మార్పు మధ్యలో చదివింది. అందుకే వాళ్ల నోట సవాల్, జవాబ్, హాజరు, గైర్‌హాజరు పోలేదు, మన నోటా పోలేదు. మేం చదివిన 1980ల నాటికి తెలుగులో లెక్కలు చెప్పడం ఎంత మామూలైపోయిందంటే, అది ఒకప్పుడు అడిగి తెచ్చుకున్నదని మాకు తట్టనే లేదు. ఇంజనీరింగులో ఇంగ్లీషు మీదపడినప్పుడు మొదటి ఏడాది మాలో చాలామంది తిప్పలు పడ్డాం, నిజమే. భాష కొత్తది, లెక్క మాత్రం పాతదే. సూత్రం అప్పటికే తెలుగులో బుర్రకెక్కి ఉంది కాబట్టి పేర్లు మార్చుకుంటే సరిపోయింది.

పంతులు గారు 1951లో హైదరాబాదు మేయరయ్యారు, 1955లో పద్మభూషణ్ అందుకున్నారు, తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షులుగా ఉన్నారు. తెలంగాణ ఆంధ్రోద్యమ చరిత్ర రాసిపెట్టారు. 1970 నవంబరులో కన్నుమూశారు. నారాయణగూడ బడికి ఆయన పేరే ఉంది.

2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. తల్లిదండ్రులు కోరుకున్నదే, వాళ్లను తప్పు పట్టలేం. కూలికి పోయే తల్లి కూడా తన బిడ్డకు ఇంగ్లీషు రావాలనే అనుకుంటుంది. కాకపోతే తాత పిల్లప్పుడు ఉర్దూ ముందు కూర్చున్నట్టే మనవరాలు ఇప్పుడు ఇంగ్లీషు ముందు కూర్చుంది. తేడా ఏమిటంటే, ఇప్పటి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మన బడిలో ఇప్పుడు పాఠాలు చెబుతున్న సార్లను, మేడంలను నేను అడగదలచుకున్నది ఒక్కటే: ఆ ఎదురు పేజీని పిల్లలతో రోజూ తెరిపిస్తున్నారా?