మూడోసారి పాసైన మెట్రిక్

రిజల్ట్స్ వచ్చిన రోజు ఫోన్ మోగితే బంధువులే అని తెలిసి ఎత్తడం మానేస్తాం కదా! పదో తరగతి కావచ్చు, ఇంటర్ కావచ్చు, బీటెక్‌లో మిగిలిపోయిన రెండు బ్యాక్‌లాగ్‌లు కావచ్చు. ఒక్క సబ్జెక్టు తప్పితే ఇక అంతా అయిపోయిందనిపిస్తుంది. హైస్కూల్ చివరి పరీక్ష రెండుసార్లు తప్పిన ఓ భీమవరం కుర్రాడి కథ ఇవాళ చెప్పుకుందాం. పేరు జీకే బిట్లలో చదివే ఉంటారు, యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పుట్టింది 1895 జనవరి 12న. తండ్రి జగన్నాథం అనారోగ్యంతో ఉద్యోగం ముందుగానే మానేయడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. రాజమండ్రిలో చదివే రోజుల్లో అయినవాళ్ల మరణాలు ఆ పిల్లాడిని కుంగదీశాయి. మెట్రిక్యులేషన్ తప్పారు. మళ్లీ రాస్తే మళ్లీ తప్పారు. మద్రాసు వెళ్లి, హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి రాసి గట్టెక్కారు. అప్పట్లో మెట్రిక్ లేకుండా కాలేజీ గడప తొక్కే వీల్లేదు. ఆ కాగితం చేతికొచ్చాకే ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీలో సీటు.

ఖద్దరు తెచ్చిన తంటా

అక్కడితో కష్టాలు తీరాయనుకుంటే పొరపాటే. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఖద్దరు దుస్తులే వేసుకెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చి పంపారు. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే రాలేదు. సుబ్బారావు ఖాళీగా కూర్చోకుండా మద్రాసులోనే ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పారు.

మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడలోని ఓ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో 1922 అక్టోబర్‌లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు మొదలైంది. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. డాక్టరు పట్టా ఉన్న మనిషి అలాంటి పనికి దిగాలంటే ఎంత గుండె నిబ్బరం ఉండాలో ఆలోచించండి.

చిన్న టూల్, పెద్ద పేరు

హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని తయారుచేశారు. నీలిరంగు ఎంత చిక్కగా వస్తే అంత ఫాస్పరస్ ఉన్నట్టు. 1925లో ఇది అచ్చయింది. మన భాషలో చెప్పాలంటే, సొంత ప్రాజెక్టు కోసం రాసుకున్న చిన్న టూల్‌ను ప్రపంచమంతా ఇన్‌స్టాల్ చేసుకున్నట్టు! దశాబ్దాల పాటు ల్యాబుల్లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతినే వాడారు. ఆ ఫాస్పరస్ పనే వాళ్లను కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికి, ఆపైన మన బయాలజీ పుస్తకాల్లో కనిపించే ఏటీపీ దగ్గరికి చేర్చింది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది.

అంత చేసినా హార్వర్డ్ పర్మినెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారి, పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారుచేసింది. స్ప్రూ అనే పేగుల జబ్బుకు అది పనికొచ్చే మందు. అమెరికా వెళ్లకముందు ఆయన సోదరులిద్దరిని రోజుల తేడాతో బలితీసుకున్నది ఆ జబ్బే. ఇప్పటికీ క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా అక్కడి పనే. మన ఊళ్లలో బోదకాలు రాకుండా పంచిన డీఈసీ మాత్ర గుర్తుందా? అదీ ఆ ల్యాబు నుంచి వచ్చిందే.

దీనికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి వెళ్లిన మనిషి మళ్లీ ఇండియా చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. శతజయంతి ఏడాది 1995లో మన తపాలా శాఖ ఆయన స్టాంపు వేసింది.

మీకు పనికొచ్చేది ఏంటి?

ఫెయిలైనవాళ్లే గొప్పవాళ్లవుతారని ఫోన్లో తిరిగే పోస్టులు నమ్మకండి. సుబ్బారావు ఫెయిలవడం వల్ల పైకి రాలేదు. మూడోసారి కూర్చుని రాయడం వల్ల వచ్చారు. ఆ మెట్రిక్ లేకపోతే మెడికల్ కాలేజీ లేదు, బోస్టన్ లేదు, డీఈసీ మాత్ర కూడా లేదు.

ఇంకో సంగతి గమనించండి. మెట్రిక్ మళ్లీ రాయడం ఆయన చేతిలో ఉంది, రాశారు. ఎల్.ఎం.ఎస్.ను ఎం.బి.బి.ఎస్.గా మార్చడం ఆయన చేతిలో లేదు. దాని కోసం ఏడుస్తూ ఏళ్లు పోగొట్టుకోకుండా, ఆ లోటును పనితో పూడ్చారు. ఇప్పుడు మీ లిస్టు మీరు రాసుకోండి. బ్యాక్‌లాగ్ ఉందా? అది మొదటి రకం, క్లియర్ చేయాల్సిందే. కాలేజీ పేరు చిన్నదా, పర్సంటేజీ కటాఫ్ కంటే తక్కువా? అది రెండో రకం. అక్కడ చూపించాల్సింది మీరు చేసిన పని, నలుగురు వాడే ఒక చిన్న ప్రాజెక్టు అయినా సరే.

ముందు మొదటి రకంతో మొదలుపెట్టండి. సప్లిమెంటరీ ఫీజుకు చివరి తేదీ ఎప్పుడో ఇవాళే చూసుకోండి.