తన పడక ఇచ్చిన పునీతురాలు

వయసు మళ్లిన తల్లిదండ్రులకు ఒక ముద్ద పెట్టి, అది తమ దయ అనుకునేవారు ఎందరో ఉన్నారు. పునీత తోమాస్ అక్వినాస్ అలా అనుకోలేదు. తల్లిదండ్రులను ఆదరించడాన్ని ఆయన న్యాయం అనే సుగుణం కిందికి చేర్చాడు. అంటే అది తీర్చవలసిన బాకీ. బాకీ తీర్చేవాడు దాత కాడు గదా! ఈ సత్యాన్ని బ్రతికి చూపిన ఒక పేదరాలి చరిత్ర ఈ వారం తెలుసుకుందాం.

జీన్ జుగాన్ 1792 అక్టోబరు 25న ఫ్రాన్సు దేశపు బ్రిటనీ తీరంలో, కాంకాల్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి జాలరి. ఆమెకు నాలుగేళ్లు నిండకముందే సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. జీన్ పదహారేళ్లకే ఒక గొప్పింట వంటపనికి కుదిరింది. తర్వాత సెయింట్ సెర్వాన్ పట్టణంలో ఆసుపత్రిలోనూ, ఇళ్లలోనూ పనిచేసింది.

1839 చలికాలం. జీన్ వయసు 47 ఏళ్లు. ఆన్ షోవాన్ అనే ముసలి వితంతువు చూపు పోయి, ఒక పక్క చచ్చుబడి, దిక్కులేక ఉంది. జీన్ ఆమెను ఇంటికి తెచ్చుకొని, తన పడక ఆమెకిచ్చి, తాను అటక మీద పడుకుంది. ఒకరు ఇద్దరయ్యారు, పదిమందయ్యారు. 1842లో దాతల సాయంతో ఒక పాత మఠం కొని, నలభై మందికి చోటిచ్చింది. వారిలో బిచ్చమెత్తి బ్రతికిన వారున్నారు. వారిని ఇంట్లో కూర్చోబెట్టి, వారికి దానం చేసేవారెవరో అడిగి తెలుసుకొని, బుట్ట పట్టుకొని వారికి బదులుగా తానే ఆ గడపలు తొక్కింది. ఒకాయన కోపంతో చెయ్యి చేసుకున్నాడు. ఆ దెబ్బ తనకు ఇచ్చినదనీ, ఇక తన పేదలకు ఏమిస్తారనీ ఆమె శాంతంగా అడిగింది.

ఇంత చేసిన ఆమెకు దక్కినదేమిటి? 1843లో తోటి సోదరీలు ఆమెను మళ్లీ పెద్దగా ఎన్నుకుంటే, లె పైయర్ అనే గురువు ఆ ఎన్నిక రద్దుచేశాడు. సభను స్థాపించినది తానేనని చెప్పుకున్నాడు. 1852లో ఆమెను బయటి పనులనుండి తప్పించారు. 27 ఏళ్లు తన సొంత మఠంలోనే ఒక మూలన ఉండిపోయింది. ఆమె ఎవరో అక్కడి యువ సోదరీలకే తెలియదు. ఇంటిని నిలబెట్టిన మనిషిని ముసలితనంలో పక్కకు నెట్టడం అంటే ఇదే. 1879 ఆగస్టు 29న ఆమె చనిపోయేనాటికి సభలో దాదాపు 2400 మంది సోదరీలున్నారు. 1890లో రోము ఆ గురువును తప్పించింది. రెండవ జాన్ పాల్ పోపుగారు 1982లో ఆమెను ధన్యురాలిగా, 16వ బెనెడిక్ట్ పోపుగారు 2009లో పునీతురాలిగా ప్రకటించారు. ఆమె పేదల చిన్న సోదరీలు 1882లో కలకత్తాకు వచ్చారు. మన సికింద్రాబాదులోనూ వారి వృద్ధాశ్రమం ఉంది.

పాఠకులారా, మన కాశిబుగ్గ వైపు చూడండి. పొలం పంచుకున్నట్టు అమ్మానాన్నలను నెలకొకరు వంతు వేసుకునే ఇళ్లు లేవా? ఇల్లు రాయించుకున్న మర్నాడే నాన్న మంచం వసారాలోకి మారడం లేదా? జీన్ పరాయి ముసలమ్మకు తన పడక ఇచ్చింది. మనం కన్నవారి పడకను బయట వేస్తున్నాం.

దైవాజ్ఞల్లో నాలుగవది చెప్పినదాన్నే మన దేశ చట్టం కూడా 2007లో చెప్పింది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు, వయసు ఎంతైనా, పిల్లలనుండి పోషణ ఖర్చు కోరవచ్చు. దానికి ఆర్డీఓ గారి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టాలి. తాము వెళ్లలేకపోతే మరొకరికి ఆ అధికారం ఇవ్వవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. ఈ సంగతి తెలియని పెద్దలకు చెప్పండి. అర్జీ రాయలేని వారికి మన విచారణ యువకులు రాసిపెట్టాలి.

అయితే ట్రిబ్యునల్ డబ్బు ఇప్పించగలదు, పక్కన కూర్చొని మాట్లాడే మనిషిని ఇప్పించలేదు. ఆ బాకీ మనమే తీర్చాలి. ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు అమ్మ పక్కన కాసేపు కూర్చోండి. పునీత జీన్ జుగాన్ మన ఇళ్ల పెద్దల కొరకు ప్రార్థించునుగాక!