మూర్ఛరోగముతో జీవించిన దాస్తొయెవ్‌స్కీ



మన సంఘములలో ఫిట్స్ వచ్చే బిడ్డలున్న ఇండ్లు ఉన్నవి. పెండ్లి సంబంధము చెడిపోతుందన్న భయముతో ఆ సంగతి బయటికి పొక్కనివ్వరు. అటువంటి వారికి రష్యా రచయిత ఫ్యోదర్ దాస్తొయెవ్‌స్కీ జీవితము ధైర్యమిస్తుంది.

ఆయన 1821లో మాస్కోలో, బీదల ఆసుపత్రి వైద్యుని ఇంట జన్మించాడు. ప్రభుత్వమునకు గిట్టని చర్చలు జరిగే బృందములో చేరినందుకు 1849లో మరణశిక్ష పడింది. కాల్చే స్థలము వరకు తీసుకుపోయి, చివరి నిమిషములో శిక్ష మార్చి సైబీరియాకు పంపారు. దారిలో తొబోల్స్క్ పట్టణములో కొందరు ఖైదీల భార్యలు ఆయన చేతిలో క్రొత్త నిబంధన పెట్టారు. ఓమ్స్క్ చెరసాలలో గడిపిన నాలుగేండ్లు అదే ఆయనకు తోడు. చనిపోయేవరకు దానిని విడువలేదు.

ఆ చెరసాల కాలములోనే మూర్ఛలు ముదిరినవి. అవి నరముల బలహీనత వలననే అని వైద్యులు చెప్పగా నమ్మాడు. 1857లో మరియా అనే విధవరాలిని వివాహమాడిన కొద్దిరోజులకే పెద్ద మూర్ఛ వచ్చింది. అది నిజమైన మూర్ఛరోగమేనని అప్పుడు తేలింది. భార్య హడలిపోయింది. ముందే తెలిసియుంటే పెండ్లి చేసుకొనేవాడిని కానని ఆయన అన్నగారికి వ్రాసుకొన్నాడు. ఆ కాపురములో సుఖము లేకపోయింది. 1864లో ఆమె క్షయతో మరణించింది.

1866లో షార్ట్‌హ్యాండ్ వ్రాసే ఇరవై ఏండ్ల అన్నా ఆయన వద్ద పనికి వచ్చింది. మొదటిరోజే ఆయన తన జబ్బు సంగతి చెప్పివేశాడు. అన్నీ తెలిసియే ఆమె 1867లో ఆయనను పెండ్లాడింది. కొద్దిరోజులకే అక్కగారింట ఉండగా ఆయనకు మూర్ఛ వచ్చింది. అక్క కేకవేసి గదిలోనుండి పరుగెత్తింది. అన్నా మాత్రము వెలుగుచున్న దీపమున్న బల్లను ప్రక్కకు నెట్టి, ఆయనను నేలకు దించి, తల ఒడిలో పెట్టుకొని కూర్చున్నది.

తరువాత పద్నాలుగేండ్లు జూదము, అప్పులు, బిడ్డల మరణము అన్నీ ఆ ఇంటిమీదికి వచ్చినవి. 1878లో మూడేండ్లు నిండని కుమారుడు అల్యోషా మూర్ఛతోనే చనిపోయాడు. ఆ దుఃఖములో వ్రాసిన కరమజోవ్ సోదరులు నవలలో ఒక ముఖ్యపాత్రకు ఆ బిడ్డ పేరే పెట్టి, గ్రంథమును అన్నాకు అంకితమిచ్చాడు. 1881లో ఊపిరితిత్తులలో రక్తస్రావమై కన్నుమూశాడు.

ఆ కాలమున సరియైన మందులు లేవు. నేడు క్రమముగా మాత్రలు వాడితే నూటికి డెబ్బైమంది వరకు మూర్ఛలు లేకుండ జీవించగలరు. ప్రార్థన చేయండి, మాత్రలు మానకండి. మూర్ఛ వచ్చినవారిని ఒక ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టి, తలక్రింద మెత్తనిది ఉంచండి. చేతిలో తాళపుచెవులు పెట్టనక్కరలేదు, నోటిలో ఏమియు పెట్టవద్దు. 5 నిమిషములు దాటితే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇది అంటువ్యాధి కాదు, దయ్యమని వెలివేయవద్దు.

పెండ్లిమాటలకు ముందే నిజము చెప్పండి. విన్నవారు అక్కవలె పారిపోక, అన్నావలె దగ్గర కూర్చుండునట్లు ప్రభువు మన సంఘములను సిద్ధపరచును గాక.