వంటశాలలో సహోదరుడు లారెన్సు

మహనీయుల చరిత్రలనగా రాజులు, సేనానులు, పండితులు మన తలంపునకు వత్తురు. ఇచట చెప్పబోవునది పదునేనేండ్లు పొయ్యిముందు నిలిచిన యొక వంటవాని చరిత్రము.

ఈతని తొలిపేరు నికొలాస్ హెర్మన్. 1614 ప్రాంతమున లొరేన్ దేశమునందు, లూనెవిల్ పట్టణము చెంతనున్న పల్లెలో పేదయింట జన్మించెను. పదునెనిమిదవ యేట, శీతకాలమున మోడైన చెట్టు నొకదానిని చూచి, కొలదినాళ్లలో ఇదియే చిగిర్చి పూచి కాయును గదా యని తలపోసెను. దైవశక్తి నాడు మనస్సున నాటినది మరల వీడలేదు. అయినను వెంటనే సన్న్యసింపలేదు. ముప్పదేండ్ల యుద్ధమున సైనికుడై గాయపడెను. పిమ్మట ఒక కోశాధికారి యొద్ద సేవకుడుగా కుదిరెను. పట్టిన వస్తువునెల్ల పగులగొట్టు మొరటువాడనని తానే చెప్పుకొనెడివాడు.

1640లో పారిస్ నగరమందలి కార్మెలు మఠమున చేరి, లారెన్సు అను నామము గ్రహించెను. గురుపట్టము పొందినవాడు కాడు. శారీరక శ్రమకు నియమింపబడు సహోదరులలో నొకడు. తన మొరటుతనమునకు అచట తగిన శిక్ష దొరకునని తలచి వచ్చెనట!

మఠమువారు వంటశాల నప్పగించిరి. స్వభావముచేత ఆ పని యాతనికి గిట్టదు. ఈ సంగతి మరువరాదు; ఇష్టమైన పనిలో దేవుని తలచుట ఎవరికైనను సులభమే. పని మొదలిడునపుడు, బిడ్డ తండ్రిని కోరినట్లు, దేవుని సాయము కోరును. చక్కగా ముగిసిన వందనము లర్పించును. తప్పిన క్షమాపణ వేడి, కుములక మరల పనికి దిగును. పెనములోని కోడిగ్రుడ్ల అట్టును తిరుగవేయుటయు భగవత్ప్రీతికే. చేయునదేమియు లేకున్న నేలపై గడ్డిపరక నెత్తుటయు అందులకే. నలుగురు నాలుగు వస్తువులకై కేకలు వేయువేళ వంటశాల, మోకరిల్లు పూజాపీఠము ఆతనికి సమానములయ్యెను.

ఇది ఊరక లభించినది కాదు. తొలి పదియేండ్లు తన పాపములను తలచి, తాను నశించినవాడనని కుమిలెను. బ్రతుకెల్ల ఈ వేదనతోనే గడచినను సరే, దేవుని ప్రేమించుట మాననని నిశ్చయించుకొన్న పిమ్మట హఠాత్తుగా శాంతి కలిగెను.

ఒకమారు ద్రాక్షాసారాయము కొనుటకై బర్గండీకి పంపిరి. బేరసారములు తెలియవు, కాలు కుంటిది. పడవలో పీపాలపై దొర్లుచు కదలవలసివచ్చెను. ఇది నీ పనియే గదా యని దేవునితో చెప్పి వెళ్లెను. కొనుగోలు చక్కగనే జరిగెను.

తరువాత చెప్పులు బాగుచేయు పనిలో నుండెను. ఫెనెలాన్ వంటి విద్వాంసుడు సైతము ఆతని దర్శించెను. 1691 ఫిబ్రవరి 12న లారెన్సు మరణించెను. జోసెఫ్ ద బొఫోర్ అను మతగురువు ఆతని లేఖలను, తనతో జరిపిన సంభాషణలను కూర్చి, 1692, 1694 సంవత్సరములలో ముద్రింపించెను. మతవివాదములవలన ఆ రచనలు ఫ్రాన్సున కొంతకాలము మఱుగుపడినను, ఇంగ్లాండున జాన్ వెస్లీ తన గ్రంథమాలలో వానికి చోటొసగెను.