ఎడారి బాటసారుల దాహం తీర్చిన మలికా జుబైదా

పటాన్‌చెరు పేరులోనే చెరువు ఉంది. అయినా పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి, ఆ ఒడ్డు గ్రామాల బావులు చెడిపోయి, ట్యాంకరు కోసం బిందెలు వరుస కట్టిన రోజులు మనం చూశాం. అందుకేనేమో, మలికా జుబైదా చరిత్ర చదివినప్పుడల్లా మాకు ఆమె రాజభవనం కన్నా ఆమె నీటి తొట్లే ముందు గుర్తుకొస్తాయి.

ఆమె అసలు పేరు అమతుల్ అజీజ్. తాతగారైన ఖలీఫా మన్సూర్ ముద్దుగా జుబైదా, అంటే చిన్న వెన్నముద్ద అని పిలిచేవారు. ఆ పేరే నిలిచింది. హిజ్రీ 165లో హారూన్ రషీద్‌తో వివాహమైంది. వంద మంది పరిచారికలు ఖుర్‌ఆన్ పారాయణం చేస్తుంటే ఆమె భవనం తేనెతుట్టెలా మార్మోగేదట.

ఆ రోజుల్లో ఇరాఖ్ హాజీలు కూఫా నుంచి మక్కాకు సుమారు 1400 కిలోమీటర్లు ఎడారిలో నడవాలి. నఫూద్ ఇసుక తిన్నెల్లో దారి తప్పితే ప్రాణం మీద ఆశ వదులుకోవలసిందే. తీరా మక్కా చేరితే, ఒక తోలుతిత్తి నీరు ఒక దీనారు! కొండలు తొలిచి మక్కాకు కాలువ తెప్పించమని ఆమె ఆజ్ఞాపించారు. ఖర్చు మోయలేమని అధికారి విన్నవించుకున్నాడు. గొడ్డలి వేటుకొక దీనారు అయినా పని ఆగకూడదన్నది ఆమె జవాబు. మొత్తం 17 లక్షల దీనార్లు అయ్యాయని చరిత్రకారులు రాశారు.

ఎడారి బాట పొడవునా బావులు, సత్రాలు, బిర్కాలు కట్టించారు. ఆమెకు ముందు ఖలీఫాలు కూడా కొన్ని కట్టించారు, అది మరువరాదు. కానీ బాటకు మాత్రం దర్బ్ జుబైదా అన్న పేరే స్థిరపడింది. బిర్కా అంటే మన కుంటలాంటిదే. వాన నీటిని చిన్న కట్టలతో మళ్లించి, ముందు ఒక తొట్టిలో మట్టి పేరుకోనిచ్చి, తేరిన నీటిని పెద్ద తొట్టిలోకి వదిలేవారు. సగం దారిలోని ఫైద్‌లో హాజీలు తిరుగు ప్రయాణపు సామగ్రి దాచుకునేవారు. హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) కన్నుమూసిన రబజా కూడా ఈ బాటలోదే.

క్రీ.శ. 813లో ఆమె ఏకైక కుమారుడు అమీన్, సవతి కొడుకు మామూన్ సేనల చేతిలో హతుడయ్యాడు. ప్రతీకారానికి ఎగదోసిన వారున్నా ఆమె లొంగలేదు. మామూన్‌తో సమాధానపడి, 831లో బాగ్దాద్‌లో పరమపదించారు. అల్లాహ్ ఆమెను కరుణించుగాక!

1184లో ఈ బాటన వెళ్లిన ఇబ్నె జుబైర్ ఆ తొట్లను చూసి ఆమెను వేనోళ్ల కొనియాడారు. ఓడల్లో హజ్‌కు వెళ్లిన మన తాతలు మక్కాలో తాగినది కూడా ఐనె జుబైదా నీరే.