మోటారు విప్పి నేర్చిన జి.డి. నాయుడు

మా హాస్టల్లో సైకిలు చెడితే వరండాలో నలుగురం చేరి విప్పేస్తాము. తిరిగి బిగించాక ఒక నట్టు మిగలడం కూడా మామూలే! అందుకే ఈ సంచికకు జి.డి. నాయుడు గారి జీవితాన్ని ఎంచుకున్నాము.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో జన్మించారు. చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగింది. ఒకనాడు ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు ఆయన కంటబడింది. దానికోసం కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా చేరి పైసా పైసా కూడబెట్టారు. బండి కొన్నాక ముక్క ముక్కగా విప్పి మళ్ళీ బిగించారు. ఆయన చదివిన ఇంజనీరింగు అదే.

1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే డ్రైవరుగా నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే పెద్ద సంస్థ అయింది.

ఆ రోజుల్లో అమెరికాలో కార్ల రారాజు హెన్రీ ఫోర్డు. ఆయనా రైతు బిడ్డే, చిన్నప్పుడు గడియారాలు విప్పినవారే. 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టి ఒక్కో కార్మికునికి ఒక్కో చిన్న పని అప్పగించారు. 1914లో రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించారు. కాని కార్మికుల ఇళ్ళకు మనుషులను పంపి వారి నడవడిని విచారించారు. 1941 దాకా యూనియన్‌ను ఒప్పుకోలేదు. కారు చవకయింది గాని, చేసేవానికి కారు మొత్తం తెలియనక్కరలేదు.

నాయుడు గారు చేత్తో పని నేర్చిన కుర్రవాళ్ళు కావాలన్నారు. 1937లో బాలసుందరం నాయుడు గారితో కలిసి విద్యుత్ మోటారు తయారుచేశారు. 1945లో ఆర్థర్ హోప్ పేరుతో సాంకేతిక విద్యాలయం నెలకొల్పి ప్రిన్సిపాలు అయ్యారు. నాలుగేళ్ళ కోర్సు వృథా, రెండేళ్ళు చాలని వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన రాజీనామా చేశారు. ఉండి పోరాడవలసిందని మాలో కొందరంటారు. మొండితనంలో మాత్రం ఆయన ఫోర్డుకు తీసిపోరు!

పదో తరగతి తప్పి వెళ్ళిపోయిన మా పూర్వ విద్యార్థి ఒకరు ఇప్పుడు పడవ ఇంజన్లు బాగుచేస్తున్నారు. ఈ కథ ఆయనకు చెబితే నవ్వి, తమ్ముళ్ళకు బడి మానొద్దని చెప్పమన్నారు. నిజమే, నాయుడు గారి వెనుక పొలం ఉంది, మన వెనుక ఉన్నది ఈ హాస్టలే.

1952లో నాయుడు గారు రెండు వేల రూపాయలకే రెండు సీట్ల కారు ఇవ్వగలమన్నారు. లైసెన్సు రాలేదు. 1974 జనవరి 4న కన్నుమూశారు. 2025లో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై 10 కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరు పెట్టారు.